ఎవరి బిడ్డ అని అడిగితే

కోవెంట్రీ,
8 నవంబరు 1964.

పాస్టరయ్యగారైన మా అన్నయ్యకు,

చెల్లెలు దయామణి వందనాలు. వెటకారం కాదులే, నిజం వందనాలే.

నువ్వు కేంబ్రిడ్జ్ చేరి నెల దాటిపోయింది. రాసింది ఒక్క కార్డు. అందులో సగం వాన గురించే. ఇంగ్లండులో కాలు పెట్టిన నెలకే ఇంగ్లీషువాడివైపోయావన్నమాట! బందరు నుంచి బిషప్ అయ్యగారు నిన్ను పంపింది దైవశాస్త్రం చదువుకు రమ్మని గానీ మబ్బులు చూస్తూ కూర్చోమని కాదు.

మా సంగతులకొస్తే, మీ బావ కార్ల ఫ్యాక్టరీలో డ్రాయింగు ఆఫీసులోనే ఉన్నారు. నేను ఆసుపత్రి కుట్టు గదిలో చిరిగిన దుప్పట్లకు మాసికలు వేస్తున్నాను. బందరులో టీచరమ్మని, ఇక్కడ మాసికలమ్మని. ఒకరోజు సూది వేల్లోకి దిగి "చచ్చాన్రా దేవుడా" అని అరిస్తే, కోటు గుండీ కుట్టించుకోవడానికొచ్చిన డాక్టరు గారు "అమ్మయ్య, తెలుగు!" అంటూ కుర్చీలో కూలబడ్డారు. కాకినాడావిడ, చాముండేశ్వరి గారు. బ్రాహ్మలు. డ్యూటీలో ఉన్నంతసేపూ అరటిపళ్ళు, టోస్టు మాత్రమే తింటారు. నాకు అక్క లేని లోటు తీరింది.

పెళ్ళయి ఎన్నేళ్ళని అడిగారు. ఎనిమిదన్నాను. పరీక్షలన్నీ చేయించారు. నాలో ఏ లోపమూ లేదట. మీ ఆయన్ని తీసుకురమ్మన్నారు. బతిమాలి బతిమాలి తీసుకెళ్ళాను. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం ఈయనకి గవదలొచ్చి హాస్టల్లో మంచాన పడ్డారే, ఆ సంగతి ఆవిడ గుచ్చి గుచ్చి అడిగారు. ఆ తర్వాత ఇద్దరూ తలుపేసుకుని మాట్లాడుకున్నారు. బయటికొచ్చినప్పటి నుంచి మీ బావ నాతో సరిగా మాట్లాడటం లేదు. నెలకోసారి మన తెలుగువాళ్ళ కూడిక జరిగితే కీర్తన ఎత్తేది ఆయనే కదా. మొన్న ఎత్తలేదు. అందరూ ఆయన వంక చూశారు, ఆయన కిటికీ వంక చూశారు.

నాకెందుకో భయంగా ఉంది. బిడ్డ కోసం నువ్వు ఉపవాసముంటున్నానని రాశావు. ఆ చలిలో ఉపవాసాలు మానేసి వేళకింత తిను.

నీ చెల్లెలు,
దయ.


కేంబ్రిడ్జ్,
19 నవంబరు 1964.

ప్రభువునందు ప్రియమైన చెల్లికి,

అన్నయ్య బర్నబా శుభాలు కోరి రాయునది.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఇక్కడ నన్ను నవ్వించేది అదొక్కటే. గదిలో గ్యాసు పొయ్యి ఉంది గాని వేడి దానికే సరిపోదు. ఉడికించిన క్యాబేజీ వాసన గోడలకు పట్టేసింది.

నేనిక్కడ ఒక యుద్ధంలో ఉన్నానమ్మా. మా గురువు ఒక ముసలి పాదిరీ. మంచివాడు, మహా పండితుడు. కిందటి నెల క్లాసులో టీ కలుపుకుంటూ, "యేసు యోసేపు కొడుకేననుకున్నా మన విశ్వాసానికి వచ్చే నష్టమేముంది?" అన్నాడు. కుర్రాళ్ళందరూ తలలూపారు. నేను లేచి నిలబడ్డాను. నష్టముందన్నాను. మనుషులు తమ రక్షకుణ్ణి తాము కనలేరు. ఆదాము నుంచి తండ్రి వెంట తండ్రిగా పాపం దిగివస్తోంది. ఆ వరస ఎక్కడో ఒకచోట తెగాలి. దేవుడే వచ్చి తెంచాడు, అందుకే పురుషుడి ప్రమేయం లేకుండా పుట్టాడు. ఆ ఒక్కమాట తీసేస్తే క్రీస్తు మంచి బోధకుడుగా మిగులుతాడు, ప్రభువుగా మిగలడు. ఇంకోమాట కూడా అన్నాను. ఆ సంగతి లోకానికి మొదట చెప్పిన మనిషి ఆ పిల్లే. మరియ. ఆ పిల్ల మాట నమ్మకపోతే సువార్తలో ఇంకెవరి మాట నమ్ముతాం?

ముసలాయన కప్పు కింద పెట్టి, అయితే ఈ విషయం మీద వచ్చే మే నెలలో అందరి ముందూ వ్యాసం చదవమన్నాడు. బిషప్ అయ్యగారికి రాశాను. అది బాగా జరిగితే తిరిగి వెళ్ళగానే సెమినరీకి పెద్దగా నన్నే వేస్తారట. నా కోసం ప్రార్థించు.

బావగారిని డాక్టర్ల చుట్టూ తిప్పకు. మగవాడి మనసు చిన్నబోతుంది. లోపం ఎవరిదో వెతకడం మన పని కాదు. శారా ఎంతకాలం ఎదురుచూసిందో నీకు నేను చెప్పాలా?

ప్రేమతో,
అన్నయ్య.


కోవెంట్రీ,
21 ఫిబ్రవరి 1965.

అన్నయ్యా,

శారా ఎదురుచూసింది నిజమే. ఆవిడకి తొంభై ఏళ్ళు. నాకప్పటిదాకా ఓపిక లేదు.

ఒక సంగతి సగమే చెప్తాను, మిగతా సగం అడగకు. నెలకో బుధవారం మేమిద్దరం లండన్ వెళ్ళొస్తున్నాం. చాముండేశ్వరి గారిచ్చిన అడ్రసుకి. అక్కడేం జరుగుతుందో ఒక్క ప్రాణికీ చెప్పనని, మరీ ముఖ్యంగా రక్తసంబంధీకులకు చెప్పనని, మీ బావ నా చేత ప్రమాణం చేయించుకున్నారు. నాన్న నా పెళ్ళికిచ్చిన బైబిలు తెచ్చి, దాని మీద నా చెయ్యి పెట్టించారు. ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువే చెప్పాడు కదండీ అన్నాను. "చెయ్యి తియ్యకు" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

రైల్లో కూడా ఆయన నా పక్కన కూర్చోరు. వేరే పెట్టెలో కూర్చుంటారు. లండన్‌లో దిగాక పది అడుగులు ముందు నడుస్తారు. ఆ మెట్ల దగ్గర మాత్రం ఆగి, నేను లోపలికి వెళ్ళేదాకా చూస్తారు.

సరే, నీ యుద్ధానికి సాయంగా ఆడవాళ్ళ ప్రశ్నలు కొన్ని పంపిస్తున్నాను, మీ కుర్రాళ్ళకి తట్టవు. మరియమ్మ వాళ్ళమ్మకు చెప్పిందా లేదా? ఊళ్ళో నీళ్ళకెళ్ళినప్పుడు మిగతా ఆడాళ్ళు ఏమన్నారు? రాళ్ళతో కొట్టి చంపే ఊరు కదా అది. యోసేపు తనకు తాను నమ్మాడా, దేవదూత చెప్పాడు గనక నమ్మాడా? దేవదూత రాకపోతే ఆ పిల్ల గతి ఏమయ్యేది?

ఇంకొకటి. పాపం తండ్రి వెంట దిగివస్తుందన్నావు. తండ్రెవరో తెలియని బిడ్డకి ఎవరి పాపం దిగుతుంది? దీనికి మాత్రం సరిగా ఆలోచించి రాయి. ఊరికే అడగటం లేదు.

దయ.


కేంబ్రిడ్జ్,
3 మార్చి 1965.

ప్రియమైన దయామణికి,

భేష్! నువ్వు మగపిల్లాడివై పుట్టి ఉంటే ఈ గదిలో నువ్వే ఉండేవాడివి. నీ ప్రశ్నలు ఒక్కటీ పోనివ్వకుండా నా వ్యాసంలో పెడుతున్నాను. మా ముసలాయనకు వినిపిస్తే, మీ చెల్లెలు దైవశాస్త్రం చదివిందా అన్నాడు. కుట్టుపని చేస్తుందన్నాను.

యోసేపు గురించి. సువార్తలు మొత్తం వెతికినా ఆ మనిషి నోటి వెంట ఒక్కమాట లేదు, గమనించావా? పేరు పెట్టాడు, లేచి నడిచాడు, పనిచేశాడు, నోరు మాత్రం విప్పలేదు. ఆ మౌనమే అతని విశ్వాసం. మరియను ఊరి నోటి నుంచి కాపాడింది ఆ మౌనమే. ఈ ముక్క వ్యాసంలో అందరికీ నచ్చుతుంది.

తండ్రి తెలియని బిడ్డ గురించి అడిగావు. తండ్రి లేకుండా పుట్టినవాడు ఒక్కడే. మిగతా అందరికీ తండ్రి ఉన్నట్టే, తెలిసినా తెలియకపోయినా. ఆసుపత్రిలో పెళ్ళికాని తల్లులను చూసి జాలిపడి అడిగినట్టున్నావు. వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యి గాని మనసులో పెట్టుకోకు.

లండన్ డాక్టరు మంచివాడైతే మంచిదే. బావగారు నీ కోసం ఇంత తిరుగుతున్నారంటే అది ప్రేమ కాక మరేమిటి? వేరే పెట్టెలో కూర్చున్నారని అలగడం చిన్నపిల్లల పని.

అన్నయ్య.


కోవెంట్రీ,
9 మే 1965.

అన్నయ్యా,

నాకు నెల తప్పింది. నాలుగోది.

సంతోషించు ముందు. నేనూ సంతోషించాను. కుట్టు గదిలో ముసలి పెగ్గీ నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. కూడికలో అందరూ లేచి నిలబడి స్తుతులు చెల్లించారు. మీ బావ చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయారు. ఆరుబయట చలిలో కోటు లేకుండా నిలబడ్డారు. ఇంటికొచ్చాక అన్నం పెట్టబోతే, "నీ బిడ్డకి కావాలేమో, నువ్వే తిను" అన్నారు. నీ బిడ్డట! తర్వాత నెమ్మదిగా, "ఎవడి మొహం వస్తుందో చూడాలిగా" అన్నారు.

ఆ మాటతో నేను నిద్ర మానేశాను. ఇంక దాచలేను. ప్రమాణం చేశాను గనక ఎలా జరిగిందన్నది రాయను. ఇంతవరకే రాస్తాను. నన్ను ఏ మగవాడూ ముట్టలేదు. నేను ఏ మగవాడి మొహమూ చూడలేదు. అయినా ఈ బిడ్డ మీ బావది కాదు.

ఇది తప్పా? పాస్టరుగా చెప్పు. కన్న తల్లిదండ్రులు లేరు, నాకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? దేవుడి దృష్టిలో నేను శుభ్రంగా ఉన్నానా లేదా? ఒక్క ముక్క రాయి చాలు. నాకు తెలిసి నేను ఏ పాపమూ చెయ్యలేదు. కానీ కడుపు మీద చెయ్యి వేసుకున్నప్పుడల్లా ఇంట్లో ఆయన నా వంక చూసే చూపుకి, చేశానేమో అనిపిస్తోంది.

నీ దయ.


కేంబ్రిడ్జ్,
12 మే 1965.

దయామణీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా? అనకు. ఎవరితోనూ అనకు.

నువ్వు అబద్ధాలాడే పిల్లవి కావు. పాపం చేసేదానివి అంతకన్నా కావు, నిన్ను ఎత్తుకు పెంచినవాణ్ణి నాకు తెలియదా? ఇక మిగిలింది ఒకటే. తబితమ్మ పిన్ని గుర్తుందా? నీకప్పటికి అయిదేళ్ళు. పెళ్ళయి పదేళ్ళు పిల్లల్లేక, చివరికి దేవదూత తన వాకిట్లోకి వచ్చాడని ఊరంతా చెప్పింది. తాతయ్య వెనకింట్లో పెట్టి గొళ్ళెం వేశాడు. పిన్ని ఆ గదిలోనే పోయింది. మన రక్తంలో ఈ జబ్బు ఉందమ్మా.

తప్పంతా నాది. ఆరు నెలలుగా కన్యక గురించి, పురుష సంబంధం లేని పుట్టుక గురించి నీకు పేజీలు పేజీలు రాశాను. బిడ్డ కోసం తపించిపోతున్న మనిషికి రాయవలసినవా అవి? నీ బుర్రలోకి ఎక్కించింది నేనే.

ఇక్కడి కాలేజీ డాక్టరుతో పేరు చెప్పకుండా మాట్లాడాను. గర్భిణులకు ఇలా జరగడం ఉంటుందట, ముదరకముందే చూపించాలట. బావగారికి అంతా వివరంగా రాస్తున్నాను. భయపడకు.

అన్నయ్య.


కోవెంట్రీ,
20 మే 1965.

అన్నయ్యా,

నీ మొహం! నేనేమైనా మరియమ్మనన్నానా? దేవదూత మా కౌన్సిలు ఫ్లాట్ మెట్లెక్కి వచ్చాడని రాశానా? నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు. అడిగింది ఒకే ప్రశ్న. నువ్వు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఎలాగమ్మా, ఏం జరిగిందమ్మా, ప్రమాణం సంగతి నేను చూసుకుంటాను చెప్పమ్మా అని అనలేదు. రెండు వేల ఏళ్ళ కింద చెప్పిన పిల్లని నమ్మమని ప్రొఫెసర్లతో పోట్లాడతావు. తోడబుట్టిన పిల్ల చెప్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతావు.

నీ ఉత్తరం మీ బావకి అందింది. నిలబడి చదివారు. మళ్ళీ కూర్చుని చదివారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎన్నో వారాల తర్వాత ఆయన మొహం మీద నవ్వు చూశాను. "మీ అన్నయ్య బాగా చదువుకున్నవాడు" అన్నారు. ఆ రోజు నుంచి నాతో ఎంతో మర్యాదగా ఉన్నారు. టీ ఆయనే పెట్టి ఇస్తున్నారు. నాకు ఆయన కోపం కన్నా ఇదే భయంగా ఉంది.

మా పేట డాక్టరుని ఇంటికి తీసుకొచ్చారు. ఆయన నన్ను గొంతులేమైనా వినిపిస్తున్నాయా అని అడిగాడు. మా ఆయన గొంతు, మీ గొంతు వినిపిస్తున్నాయన్నాను. రాసుకున్నాడు.

చాముండేశ్వరి గారు ఉంటే నాకీ తిప్పలు ఉండేవి కావు. ఆవిడ ఉద్యోగం వాట్‌ఫర్డ్ మారింది, వెళ్ళిపోయారు. ఫోను చేస్తే డ్యూటీలో ఉన్నారంటారు, దొరకరు.

నువ్వు రా. వచ్చి నా ముందు ఆయన్ని అడుగు. ఆయన నా కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడలేరు.

దయ.


కేంబ్రిడ్జ్,
6 జులై 1965.

ప్రియమైన చెల్లి దయకు, ఆసుపత్రికి,

ఉత్తరాలు నీకంటే ముందు నర్సులు చదువుతారేమోనని తెలుగులోనే రాస్తున్నాను.

ఆ రోజు నేను వచ్చినప్పుడు నువ్వు అడగమన్నట్టే బావగారిని నీ ముందే అడిగాను కదమ్మా. ఆయన నీ కళ్ళలోకి చూస్తూనే అన్నారు కదా, బిడ్డ నాదే, దయకి ఒంట్లో బాగోలేదు అని. లండన్ ఎందుకెళ్ళారంటే ఆడవాళ్ళ వైద్యానికన్నారు. అప్పుడు నువ్వు నాన్న బైబిలు తీసి నేలకేసి కొట్టావు. నా జన్మలో ఆ దృశ్యం మరిచిపోలేను. అంతవరకూ నాకు ఏదో మూల సందేహం ఉండేది. అప్పుడు పోయింది.

పెద్ద డాక్టరు మన కుటుంబంలో ఎవరికైనా ఉందా అని అడిగితే తబితమ్మ పిన్ని సంగతి చెప్పాను. చెప్పడం నా ధర్మం. నిన్ను చేర్పించిన కాగితం మీద సంతకం బావగారిదే, నాది కాదు. పిచ్చాసుపత్రి అనుకోకు, ఊరి బయట, చుట్టూ చెట్లు, మంచి గాలి. ప్రసవం దాకా అక్కడే ఉంచితే నీకూ బిడ్డకీ క్షేమమట. నువ్వు కుదుటపడకపోతే బిడ్డను కొన్నాళ్ళు వేరేవాళ్ళ సంరక్షణలో పెడతారని అన్నారు. అంతదాకా రాదులే. చెప్పినట్టు విను, మాత్రలు వేసుకో.

నా వ్యాసం చదివాను. చివర్లో అందరూ బల్లలు చరిచారు. నీ ప్రశ్నలే దానికి ప్రాణమన్నారు. నీకు చెప్పాలనిపించింది.

అన్నయ్య.


(ఆసుపత్రి నుంచి)
30 ఆగస్టు 1965.

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఒక ఐరిష్ నర్సు తన కోటు జేబులో పెట్టుకెళ్ళి పోస్టు చేస్తానంది. కనుక తొందరగా రాస్తున్నాను. మాత్రలకి అక్షరాలు వంకర పోతాయి, పిచ్చి అనుకోకు.

ప్రమాణం తప్పుతున్నాను. ఆయన గవదలు ఆయనకి పిల్లల్లేకుండా చేశాయి. చాముండేశ్వరి గారు ఆ రోజు తలుపేసి చెప్పింది అదే. లండన్‌లో ఒక డాక్టరున్నాడు. ఎవరో ఒక మగవాడి బీజం తెచ్చి, ఒక గొట్టంతో, గదిలో, నర్సు నా చెయ్యి పట్టుకుని ఉండగా నా కడుపులో వేశాడు. మన బందరు మిషను ఫారంలో ఆవులకి చేసేవారు చూడు, అదే. సిగ్గు లేకుండా రాస్తున్నాను, ఇక్కడ సిగ్గు తీసేశారు. ఆ మగవాడెవరో నాకు తెలియదు, నేనెవరో అతనికి తెలియదు. మన దేశపు విద్యార్థేనని మాత్రం చెప్పారు. ఒప్పుకుంటూ ముందు సంతకం పెట్టింది మీ బావే. పేర్లు, కాగితాలు ఏమీ మిగల్చనని ఆ డాక్టరు మాటిచ్చాడు. మిగల్చలేదు కూడా. ఇక్కడి డాక్టరుకి ఇదంతా చెప్పాను. మీ బావని పిలిచి అడిగారు. "ఏ లండన్?" అన్నారట.

బైబిలు ఎందుకు కొట్టానో అర్థమైందా? నా చెయ్యి దాని మీద పెట్టించి నోరు కట్టేసిన మనిషి, దాని ముందే నిలబడి అబద్ధమాడారు గనక.

ఇప్పుడు అసలు సంగతి. రోజూ పొద్దున్నే డాక్టరు వచ్చి నవ్వుతూ అడుగుతాడు, "నీ బిడ్డ తండ్రెవరు?" అని. నిజం చెప్తే తల ఊపి వెళ్ళిపోతాడు, ఇంకో మాత్ర పెరుగుతుంది. మా ఆయనే అని చెప్తే నయమైనట్టు, ఇంటికి పంపిస్తారు, బిడ్డ నా దగ్గరే ఉంటుంది. పక్క మంచం ఆవిడ బిడ్డని పుట్టిన రోజే తీసుకెళ్ళిపోయారు. ఆవిడ ఇప్పటికీ తలగడని జోకొడుతుంది.

వాట్‌ఫర్డ్ వెళ్ళు. చాముండేశ్వరి గారిని అడుగు. అడిగి, ఇక్కడికి వచ్చి ఒక్కమాట చెప్పు. అది కాదంటే, రేపట్నుంచి డాక్టరుకి నేనేం చెప్పాలో నువ్వే రాయి. నువ్వు చెప్పిందే చెప్తాను.

దయ.


కేంబ్రిడ్జ్,
11 సెప్టెంబరు 1965.

చెల్లీ,

వాట్‌ఫర్డ్ వెళ్ళాను. ఆవిడ కాంటీనులో నా ఎదుట కూర్చుని, నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజమేనన్నారు. కన్నీళ్ళు పెట్టుకున్నారు. కానీ కాగితం మీద రాసివ్వలేనన్నారు. ఆవిడది ఇంకా పక్కా ఉద్యోగం కాదు. ఇలాంటివాటిలో పేరు బయటపడితే ఇంటికి పంపేస్తారట. నేను బతిమాలలేదు. బతిమాలి ఉండవలసింది.

తిరిగి వచ్చేటప్పుడు మీ ఊరి రైలెక్కుదామని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు వచ్చింది. నేను ఎక్కలేదు.

నీకు కారణాలు చెప్పాలి. నేను వచ్చి నిజం చెప్తే సుగుణాకరం బావ కాదంటాడు. కాదని ఊరుకోడు, నీ మీద వ్యభిచారం మోపుతాడు. ఈ దేశపు చట్టం ప్రకారం ఇలా పరాయి బీజంతో పుట్టిన బిడ్డ అక్రమ సంతానమేనట, కనుక్కున్నాను. బందరులో తెలిస్తే సంఘం నిన్ను రానివ్వదు. మా బిషప్ అయ్యగారు సెమినరీ నియామకం ఖాయం చేస్తూ పోయిన వారమే రాశారు. ఆ సంగతి నా ఆలోచనల్లో లేదని నేనన్నా నువ్వు నమ్మవు.

నువ్వు చెప్పింది నిజమని నేను నమ్ముతున్నాను. నువ్వు శుభ్రంగా ఉన్నావు. మే నెలలో నువ్వడిగిన ఆ ఒక్క ముక్క ఇప్పుడు రాస్తున్నాను.

రేపు డాక్టరు అడిగితే బిడ్డ సుగుణాకరానిదేనని చెప్పు.

బర్నబా.


కోవెంట్రీ,
5 డిసెంబరు 1965.

అన్నయ్యా,

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. డాక్టరు చాలా సంతోషించాడు. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పాను. వారంపాటు పొద్దునా సాయంత్రం చెప్పించుకుని ఇంటికి పంపించారు.

బాబు పుట్టాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. కూడికవాళ్ళందరూ వచ్చి, అచ్చం వాళ్ళ నాన్న పోలికేనంటున్నారు. మీ బావ అందరికీ స్వీట్లు పంచారు. వాణ్ణి ఎత్తుకుంటే దించరు. మా వాడు, మా వాడు అంటారు. నువ్వు చూస్తే మురిసిపోతావు.

నాతో కూడా బాగానే ఉంటున్నారు. పంపేటప్పుడు డాక్టరు ఆయనకో మాట చెప్పాడు. ఎప్పుడైనా మళ్ళీ ఆ పాత మాటలు వస్తే ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి అని. ఆయన దాన్ని బాగా గుర్తుపెట్టుకున్నారు. కూరలో ఉప్పెక్కువైందన్నప్పుడు నేను ఎదురు చెప్తే గొంతు పెంచరు. దగ్గరికొచ్చి, "దయా, ఒంట్లో బాగుందా?" అని అడుగుతారు. పిల్లాడికి పేరు నేనొకటి అనుకున్నాను. బాగుందా అని అడిగారు. మా నాన్న పేరండీ అన్నాను. ఒంట్లో బాగుందా అని మళ్ళీ అడిగారు. ఆయన పెట్టిన పేరే ఖాయమైంది. రేపు వాడు పెద్దవాడై ఏదైనా అడిగినా, నేను చెప్పే జవాబు పిచ్చిమాటే అవుతుంది. అంత పకడ్బందీగా కుదిరింది.

నీ వ్యాసం అచ్చయిందని రాశావు. సంతోషం. బిడ్డ యోసేపుదేనంటే విశ్వాసం మొత్తం కూలిపోతుందని అందులో రాశావట, మీ బావ చదివి వినిపించారు. కూలిపోతుంది అన్నయ్యా. నాకు తెలుసు. నేను రోజూ రెండుసార్లు ఆ మాటే చెప్పాను కదా.

జనవరిలో బాప్తిస్మం నువ్వే ఇస్తానన్నావు. రా. మీ బావ హాలు మాట్లాడారు. విశ్వాస ప్రమాణం నువ్వు చెప్పిస్తే అందరం వెనక చెప్తాం. "కన్యయగు మరియకు పుట్టెను" అన్న చోటికి వచ్చినప్పుడు ఎప్పట్లాగే గట్టిగా చెప్పు. ఆయన కూడా గట్టిగానే చెప్తారు. నేను బాబుని ఎత్తుకుని సరిగ్గా నీకెదురుగా నిలబడతాను. ఆ మాట అనేటప్పుడు కళ్ళు దించకుండా నా మొహంలోకి చూడు. చూడగలిగితేనే బిడ్డని నీ చేతికిస్తాను.

దయామణి.